మాంసం లేని మాంసకృత్తులు: ఎడారి దేశంలో శాకాహార క్రీడాకారులు

ఏటా చలికాలం మొదలవుతున్న రోజుల్లో, ఒక తెల్లవారుజామున, దుబాయ్‌లోని షేక్ జాయెద్ రోడ్డు మీద వాహనాలను ఆపివేస్తారు. మిగిలిన రోజుల్లో కార్లు బారులు తీరే ఆ రహదారి నిండా మనుషులు పరుగెత్తుతారు. 2017లో దుబాయ్ యువరాజు షేక్ హమ్దాన్ బిన్ మొహమ్మద్ ప్రారంభించిన వ్యాయామోద్యమంలో భాగంగా 2019లో ఈ పరుగు మొదలైంది. ముప్ఫై రోజుల పాటు రోజుకు ముప్ఫై నిమిషాలు వ్యాయామం చేయమన్నది ఆ ఉద్యమం పెట్టిన నియమం. పాల్గొనేవారిలో ఎక్కువమంది ఆ నెల ముగియగానే మళ్ళీ లిఫ్టులకూ కార్లకూ అలవాటు పడతారు. కొందరు మాత్రం ఆగరు. దుబాయ్ మారథాన్‌కూ, అల్ ఖుద్రా ఎడారిలోని సైకిల్ బాటకూ, అక్కడినుంచి ట్రయాథ్లాన్‌కూ వెళతారు. వారానికి ఎనిమిది, పది గంటలు శరీరాన్ని కష్టపెట్టే ఇటువంటివారు పతకాలు గెలిచినా గెలవకపోయినా వైద్యుడి దృష్టిలో క్రీడాకారులే. గల్ఫ్‌లోని తెలుగువారిలో ఈ రకం వారు కనిపిస్తూనే ఉన్నారు. వారిలో శాకాహారులకూ, ఈ మధ్య పాలు కూడా మానేసి పూర్తిగా మొక్కల ఆహారానికి మారినవారికీ ఎదురయ్యే మొదటి ప్రశ్న ఒకటే: మాంసం తినకుండా ప్రోటీన్ ఎక్కడినుంచి వస్తుంది?

ప్రశ్న సహజమే. కాని వైద్యపరంగా చూస్తే అది అడగవలసిన మొదటి ప్రశ్న కాదు. మూడోదో నాలుగోదో అవుతుంది. అది మొదటిస్థానానికి ఎలా వచ్చిందో తెలియాలంటే ఒక తెలుగు మాట దగ్గర కాసేపు ఆగాలి.

తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి ప్రోటీన్ కంటే ముందు పరిచయమైన పదం ‘మాంసకృత్తులు’. మాంసాన్ని చేసేవి అని దాని అర్థం, మాంసం నుంచి వచ్చేవి అని కాదు. అయినా పాఠ్యపుస్తకంలో ఆ పదాన్ని చదివిన పిల్లవాడి మనసులో ఆ రెండు అర్థాలూ కలిసిపోతాయి. ఆ పదాన్ని కూర్చిన పండితుల తప్పేమీ లేదు. వారు పందొమ్మిదో శతాబ్దపు జర్మన్ రసాయనశాస్త్రంలోని ఒక భావాన్ని చక్కగా తెలుగు చేశారు. 1842లో యూస్టుస్ ఫాన్ లీబిగ్ తన గ్రంథంలో, కండరం పనిచేసేటప్పుడు తనను తానే ఖర్చు చేసుకుంటుందనీ, ఆ నష్టాన్ని పూడ్చేది ఆహారంలోని మాంసకృత్తులేననీ ప్రతిపాదించాడు. అలాగైతే కష్టపడేవాడు మాంసం తినక తప్పదు. 1865లో మాంససారాన్ని సీసాలకెత్తి అమ్మే వ్యాపారసంస్థ ఒకటి లీబిగ్ పేరు మీదనే లండన్‌లో వెలిసింది. సిద్ధాంతానికీ సరుకుకూ ఇంత చక్కగా పొత్తు కుదరడం ఆహారశాస్త్రంలో అదే మొదటిసారి కాకపోవచ్చు, చివరిసారి అసలే కాదు.

అదే 1865లో, ఆగస్టు 30న, ఫిక్, విస్లిసేనుస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు స్విట్జర్లాండ్‌లోని ఫౌల్‌హార్న్ కొండ ఎక్కారు. ముందురోజు నుంచీ వారు పిండి, కొవ్వు, చక్కెరలతో చేసిన వంటకాలే తప్ప మాంసకృత్తులున్న పదార్థమేదీ ముట్టలేదు. దాదాపు 1956 మీటర్ల ఎత్తు ఎక్కుతూ, ఎక్కిన తరువాతా తమ మూత్రాన్ని సేకరించి అందులోని నత్రజనిని లెక్కకట్టారు. శరీరంలో విచ్ఛిన్నమైన మాంసకృత్తుల నుంచి వచ్చిన శక్తి ఆ కొండ ఎక్కడానికి ఏ మూలకూ చాలదని తేలింది. కండరం తనను తాను కాల్చుకోవడం లేదు. పిండిపదార్థాలనూ కొవ్వునూ కాలుస్తోంది. మాంసకృత్తులు యంత్రానికి మరమ్మతు సామగ్రి, ఇంధనం కాదు. నూటయాభై ఏళ్ళు దాటినా ఈ విషయం వ్యాయామశాలల గుమ్మం దాటి లోపలికి వెళ్ళలేదు.

తరువాతి తరంలో లోలకం రెండోవైపుకు ఊగింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ మాంసాహారులను, మాంసం ముట్టనివారిని పక్కపక్కన నిలబెట్టి, చేతులు చాపి ఎంతసేపు ఉంచగలరో, గుంజిళ్ళ వంటివి ఎన్ని తీయగలరో పరీక్షించి, 1907లో ఫలితాలు ప్రకటించాడు. మాంసం తిననివారే నెగ్గారు. అయితే ఆ నెగ్గినవారు తమ ఆహారాన్ని మతంలా నమ్మినవారు. చెయ్యి దించితే తమ సిద్ధాంతమే దిగిపోతుందనుకున్న మనిషి చెయ్యి దించడు. ఆ పరీక్ష కొలిచింది ఓర్పునో, పట్టుదలనో చెప్పడం కష్టం.

తెలుగువారికి ఈ వాదంలో స్వంత సాక్షి ఉన్నాడు. వీరఘట్టంలో పుట్టి, గుండెల మీద ఏనుగును నిలుపుకొని, గొలుసులతో కార్లను కదలనీయకుండా ఆపి, కలియుగ భీముడని పేరుపొంది, 1942లో మరణించిన కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అని ప్రసిద్ధి. శాకాహారాన్ని సమర్థించేవారు ఆయన పేరు తప్పక తెస్తారు. కాని ఆయన ఏం తిన్నాడో, ఎంత తిన్నాడో చెప్పే కథలలోని కొలతలు తక్కెడ మీద తూచినవి కావు. ఒక మహాబలుడి జీవితం ‘సాధ్యమే’ అని చెప్పగలదు. ఎలాగో చెప్పలేదు.

ఎలాగో చెప్పడానికి కావలసిన కీలకాన్ని కనిపెట్టినవాడు కూడా తెలుగువాడే కావడం యాదృచ్ఛికం. భీమవరంలో పుట్టి, మద్రాసు వైద్య కళాశాలలో చదివి, 1923లో బోస్టన్ చేరిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించాడు. దాన్ని కండరానికి వర్తింపజేసినప్పుడు ఒక చిత్రమైన పదార్థం బయటపడింది. కండరం పనిచేస్తుంటే అది తరిగిపోతుంది, విశ్రాంతిలో మళ్ళీ చేరుతుంది. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో వారు దాన్ని ప్రకటించారు. ఇంగ్లాండ్‌లో ఎగుల్టన్ దంపతులు కూడా అదే ఏడాది ఆ పదార్థం దగ్గరికే వేరే దారిలో చేరారు. 1929లో ఏటీపీ కూడా వారి ప్రయోగశాలలో, జర్మనీలో లోమన్ ప్రయోగశాలలో విడివిడిగా వెలుగుచూసింది. కండరసంకోచానికి మూలం లాక్టిక్ ఆమ్లమేనన్న అప్పటి సిద్ధాంతానికి, నోబెల్ బహుమానం పొందినదానికి, అక్కడితో కాలం చెల్లింది.

ఇది శాకాహారికి ఎందుకు ముఖ్యం? డెబ్బై కిలోల మనిషి శరీరంలో సుమారు 120 గ్రాముల క్రియాటిన్ ఉంటుంది, అందులో అత్యధిక భాగం కండరాలలోనే. రోజూ దాదాపు రెండు గ్రాములు క్రియాటినిన్‌గా మారి మూత్రంలో పోతుంది. మాంసాహారి అందులో సగాన్ని తిండి నుంచి పొందుతాడు. మిగతా సగాన్ని శరీరం తయారుచేసుకుంటుంది. మొక్కలలో క్రియాటిన్ లేదన్నా తప్పులేదు. కాబట్టి శాకాహారి కండరాలలో దాని నిల్వ కాస్త తక్కువగా ఉంటుంది. మారథాన్ పరుగులో ఆ తేడా పెద్దగా తెలియదు, ఎందుకంటే ఫాస్ఫోక్రియాటిన్ కొన్ని సెకన్ల ఉధృతికి పనికివచ్చే నిల్వ. బరువులెత్తేవారికీ, బ్యాడ్మింటన్ ఆడేవారికీ, చివరి వంద మీటర్లు దూకవలసినవారికీ తెలుస్తుంది. రోజుకు మూడు నుంచి ఐదు గ్రాముల క్రియాటిన్ పొడి తీసుకుంటే మాంసాహారుల కంటే శాకాహారులలోనే నిల్వ ఎక్కువ పెరుగుతుంది. కర్మాగారంలో రసాయనికంగా తయారయ్యే ఆ పొడికి జంతువుతో సంబంధం లేదు. ఒక్క జాగ్రత్త మాత్రం ఉంది. దాన్ని వాడేవారి రక్తంలో క్రియాటినిన్ కాస్త హెచ్చుగా కనిపించవచ్చు. ఆ సంగతి వైద్యుడికి చెప్పకపోతే లేని మూత్రపిండవ్యాధి కోసం వెతుకులాట మొదలవుతుంది.

ఇక ఎడారికి వద్దాం. మొక్కల ఆహారంతో అత్యున్నత స్థాయిలో ఆడవచ్చనడానికి ఎమిరేట్స్‌లోనే సాక్ష్యాలున్నాయి. ఎన్నో ఏళ్ళుగా ప్రధానంగా మొక్కల ఆహారం తింటున్న నోవాక్ జోకోవిచ్ 2020 ఫిబ్రవరిలో దుబాయ్ టెన్నిస్ టోర్నీని ఐదోసారి గెలిచాడు. జంతు సంబంధమైనదేదీ తినని లూయిస్ హామిల్టన్ అబూధాబీలోని యాస్ మరీనాలో 2018లోనూ 2019లోనూ విజేత. 2018లో మాంసం మానిన విరాట్ కోహ్లీ (గుడ్లు, పాలపదార్థాలు మానలేదు) 2020 ఐపీఎల్‌ను ఎమిరేట్స్‌లోనే ఆడాడు. అతడి జట్టు అబూధాబీలో హైదరాబాద్ చేతిలో ఓడి ఇంటిదారి పట్టింది, కాని అందుకు పప్పన్నాన్ని ఎవరూ నిందించలేదు.

అయితే ఈ పేర్లు చెప్పుకొని తెలుగు శాకాహారి ధైర్యం తెచ్చుకోవడంలో ఒక పొరపాటు ఉంది. వారు ఆహారాన్ని ఎంచుకున్నారు. ఎంచుకున్నవారికి తూచేవారూ, రక్తం పరీక్షించేవారూ ఉన్నారు. తెలుగు శాకాహారం చాలావరకు వారసత్వంగా వచ్చింది. 2014లో ప్రభుత్వం జరిపిన నమూనా సర్వే ప్రకారం రెండు తెలుగు రాష్ట్రాలలోనూ నూటికి తొంభై ఎనిమిది మంది మాంసాహారులు. మిగిలిన ఒకరిద్దరి శాకాహారం ఎక్కువగా కులాచారం నుంచి వచ్చింది. ఆచారం ఏది తినకూడదో నిర్ణయించింది. ఎంత తినాలో నిర్ణయించలేదు. మాంసం స్థానంలో ఏముండాలన్న ప్రశ్నే దానికి లేదు, ఎందుకంటే ఆ ఇంట మాంసానికి ఎన్నడూ స్థానం లేదు.

దుబాయ్ కరామాలోనో షార్జాలోనో ఉండే డెబ్బై కిలోల ఉద్యోగి పళ్ళాన్ని లెక్కకట్టి చూడవచ్చు. రోజుకు మూడువందల గ్రాముల బియ్యం, అరవై గ్రాముల కందిపప్పు, మూడువందల గ్రాముల పెరుగు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ప్రకటించిన ఆహారవిలువల పట్టికల ప్రకారం వీటినుంచి వచ్చే మాంసకృత్తులు నలభై ఆరు గ్రాములకు అటూ ఇటూ. కూరలను కలిపినా, మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాముల లెక్కన కావలసిన యాభై ఎనిమిదికే సరిపోవు. క్రీడాకారుడికి కావలసింది కిలోకు 1.2 నుంచి 2 గ్రాములు. పూడ్చడం కష్టం కాదు: యాభై గ్రాముల మీల్ మేకర్, యాభై గ్రాముల వేరుశనగలు, అరవై గ్రాముల పెద్ద శనగలు చేర్చితే మొత్తం తొంభై ఐదుకు చేరుతుంది. ఈ మూడూ ఎమిరేట్స్‌లోని ఏ సూపర్‌మార్కెట్టులోనైనా దొరికేవే. అసలు ఆ నేల వంటకాలే ఈ విషయంలో తెలుగువారికి మంచి మిత్రులు. శనగలు, నువ్వుల ముద్ద కలిపి రుబ్బిన హమ్మస్, చిక్కుడుజాతి గింజల ఫూల్, ఎర్రపప్పు చారు, ఖుబ్జ్ రొట్టె. పదేళ్ళు దుబాయ్‌లో ఉండి హమ్మస్ రుచి చూడని తెలుగు శాకాహారులున్నారు. ఇంటినుంచి తెచ్చిన పొడుల డబ్బాలు నిండుకున్నప్పుడైనా అటు చూడడం మేలు.

తృణధాన్యాలలో లైసీన్ తక్కువ, పప్పులలో గంధకమున్న అమైనో ఆమ్లాలు తక్కువ. రెండూ కలిస్తే లోటు తీరుతుంది. ఒకే పూట కలపనక్కరలేదు, ఒకే రోజున వస్తే చాలు. బ్రెజిల్‌లోని సావోపావులో 2021లో ప్రకటించిన అధ్యయనంలో, సోయా పొడితో లోటు పూడ్చుకున్న పూర్తి శాకాహార యువకులూ, పాలనుంచి తీసిన పొడి వాడిన మాంసాహార యువకులూ కిలోకు 1.6 గ్రాముల చొప్పున తీసుకుంటూ పన్నెండు వారాలు బరువులెత్తితే, కండ పెరుగుదలలో తేడా కనబడలేదు. స్టాన్‌ఫర్డ్‌లో పరుగువీరుల మీద, బరువులెత్తేవారి మీద జరిగిన చిన్న అధ్యయనంలో కూడా ఆహారం మార్చినంత మాత్రాన సామర్థ్యం తగ్గలేదు. ఇవి చిన్న సంఖ్యలే, కొన్ని వారాల ముచ్చటే. అయినా మాంసకృత్తుల ప్రశ్న ఇంతటితో తీరినట్టే. తక్కెడ ఉంటే చాలు.

తక్కెడతో తీరని ప్రశ్న విటమిన్ బి12. దీన్ని తయారుచేయగలిగేవి సూక్ష్మజీవులు మాత్రమే. మొక్కలకు దీని అవసరం లేదు, కాబట్టి వాటిలో ఉండదు. పులిసిన ఇడ్లీపిండిలో ఉంటుందనీ, స్పైరులినా మాత్రలలో ఉంటుందనీ ప్రచారం ఉంది. స్పైరులినాలో ఉండేది చాలావరకు శరీరానికి అక్కరకురాని నకలు. శాకాహార తెలుగు కుటుంబాలకు ఇది అందేది పాలు పెరుగుల నుంచే. అర లీటరు పాలలో సుమారు రెండు మైక్రోగ్రాములు. రోజు అవసరం అంతకన్నా కొంచెమే ఎక్కువ. పాలు కాఫీలోకీ మజ్జిగలోకీ పలుచబడిన ఇళ్ళలో ఆ మాత్రం కూడా అందదు.

ఇక్కడ పాశ్చాత్య పుస్తకాలు తెలుగు పాఠకుణ్ణి తప్పుదోవ పట్టిస్తాయి. మాంసం మానిన తరువాత బి12 లోపం రావడానికి ఏళ్ళు పడుతుందని వాటిలో ఉంటుంది. ముప్ఫై ఏళ్ళు మాంసం తిని మానినవాడికి అది నిజం. కాలేయంలో నిల్వ ఉంటుంది, అది నెమ్మదిగా తరుగుతుంది. తల్లి, అమ్మమ్మ కూడా శాకాహారులైన ఇంట పుట్టినవాడి నిల్వ ఎన్నడూ నిండలేదు. పూణేలో చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం దశాబ్దాలుగా చేసిన పరిశోధనలలో గర్భిణులలో బి12 లోపం ఎంత విస్తృతమో, అది బిడ్డల దాకా ఎలా పాకుతుందో బయటపడింది. అటువంటి నేపథ్యమున్న వ్యక్తి దుబాయ్ వచ్చి, ఒక చిత్రం చూసి ఉత్సాహపడి, పాలు కూడా మానేసి పరుగు మొదలుపెడితే, అతడికి ఏళ్ళ గడువు లేదు.

లోపం ఎలా కనిపిస్తుందన్నది మరో చిక్కు. పాదాలలో తిమ్మిర్లు, నడకలో తూలు, చీకట్లో అడుగు ఎక్కడ పడుతోందో తెలియకపోవడం. పరుగెత్తేవాడు వీటిని బూట్ల మీదకూ, వయసు మీదకూ నెట్టేస్తాడు. రక్తహీనత ఉంటే వైద్యుడు గుర్తుపట్టేవాడే. కాని ఆకుకూరలు, పప్పులు పుష్కలంగా తినేవారిలో ఫోలిక్ ఆమ్లం బాగా అందడం వల్ల రక్తం మామూలుగానే కనిపించవచ్చు. నాడులు మాత్రం చెడుతూనే ఉంటాయి. ఫోలిక్ ఆమ్లాన్ని వైద్యానికి అందించినవాడు కూడా సుబ్బారావే. లెడర్లీ సంస్థలో ఆయన బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసిన తరువాతి ఏళ్ళలోనే, ప్రాణాంతక రక్తహీనత రోగులకు దాన్ని ఇస్తే రక్తం బాగుపడి వెన్నుపాము చెడుతోందని వైద్యులు గమనించారు. ఆ తేడాకు కారణమైన బి12ను 1948లో అమెరికాలోనూ ఇంగ్లాండ్‌లోనూ స్ఫటికరూపంలో వేరుచేశారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశాడు.

కాబట్టి హిమోగ్లోబిన్ బాగుందన్నది బి12 బాగుందనడానికి రుజువు కాదు. రక్తంలో బి12ను, సందేహముంటే మిథైల్ మలోనిక్ ఆమ్లాన్ని గాని హోమోసిస్టీన్‌ను గాని కొలవాలి. మధుమేహానికి మెట్‌ఫార్మిన్, కడుపుమంటకు ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 గ్రహింపు ఇంకా తగ్గుతుంది. గల్ఫ్‌లోని నడివయసు తెలుగువారిలో ఈ రెండు మందులూ అరుదు కావు. చికిత్స చౌక. పేగు ఒక విడతలో రెండు మైక్రోగ్రాములకు మించి సమర్థంగా గ్రహించలేదు, ఆపైన ఇచ్చినదానిలో నూటికి ఒక వంతు మాత్రమే చేరుతుంది. అందుకే మాత్రలు వెయ్యి మైక్రోగ్రాములవి ఉంటాయి. ఆ మందు కూడా సూక్ష్మజీవులను పులియబెట్టి తీసినదే కనుక, పాలు మానినవారికి కూడా అభ్యంతరం ఉండనక్కరలేదు.

ఇనుము సంగతి ఇంత గూఢం కాదు గాని ఇంతకంటే సామాన్యం, ముఖ్యంగా స్త్రీలలో. మొక్కలలోని ఇనుమును పేగు తక్కువగా గ్రహిస్తుంది కనుక శాకాహారికి దాదాపు 1.8 రెట్లు కావాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. దానికి తోడు పరుగు. పాదం నేలను తాకినప్పుడల్లా కొన్ని ఎర్రకణాలు చితుకుతాయి, చెమటలో కొంత పోతుంది. కఠిన వ్యాయామం తరువాత మూడు నుంచి ఆరు గంటల మధ్య హెప్సిడిన్ అనే హార్మోను పెరిగి ఇనుము గ్రహింపును అడ్డుకుంటుంది. తెల్లవారుజామున పరుగెత్తి, పదిన్నరకు ఆఫీసులో ఇనుప మాత్ర వేసుకొని, దాని మీద కరక్ చాయ్ తాగే అలవాటు ఇనుమును వృథా చేయడానికి చక్కని మార్గం. టీలోని టానిన్లు మిగిలినదాన్ని కూడా పట్టేస్తాయి. మాత్రను పరుగుకు ముందో, ముగిసిన వెంటనేనో వేసుకోవాలి. టీని గంటన్నర దూరం పెట్టాలి. పప్పులను నానబెట్టడం, మొలకెత్తించడం, పైన నిమ్మకాయ పిండడం మన వంటింటికి తెలిసిన పనులే. ఇనుము నిల్వలు తక్కువైన స్త్రీల మీద జ్యూరిక్‌లో చేసిన పరిశోధనల ప్రకారం, మాత్రను రోజూ కాకుండా రోజు విడిచి రోజు వేసుకుంటే గ్రహింపు మెరుగు. కొలవవలసింది ఫెర్రిటిన్. అది 30 లోపు ఉంటే హిమోగ్లోబిన్ ఎంతున్నా నిల్వలు అడుగంటినట్టే. జ్వరంలోనో, సుదీర్ఘ పరుగు మరునాడో కొలిస్తే ఫెర్రిటిన్ దొంగ హెచ్చు చూపుతుంది.

సూర్యుడు ఇంత దండిగా ఉన్న దేశంలో విటమిన్ డి లోపం విస్తారంగా ఉండడం గల్ఫ్ వైద్యులకు పాత సంగతే. ఎండ ఎక్కువైనకొద్దీ మనుషులు నీడకు పారిపోతారు. వేసవిలో క్రీడాకారుడు తెల్లవారక ముందో పొద్దుగూకిన తరువాతో పరుగెత్తుతాడు, పగలంతా చల్లని గదుల్లో గడుపుతాడు. ఎడారిలో పది కిలోమీటర్లు పరుగెత్తి, ఒక్క సూర్యకిరణం తగలకుండా ఇంటికి చేరవచ్చు. ఇందులో శాకాహారం పాత్ర తక్కువే. కాని దీనికి సున్నం లోటు తోడైతే భారం ఎముకల మీద పడుతుంది. బ్రిటన్‌లో సుమారు 55 వేలమందిని పదిహేడేళ్ళకు పైగా గమనించిన ఆక్స్‌ఫర్డ్ అధ్యయనం, జంతు ఉత్పత్తులేవీ తిననివారిలో ఎముకలు విరగడం 43 శాతం ఎక్కువని 2020లో ప్రకటించింది. శరీర బరువు, సున్నం, మాంసకృత్తుల తేడాలను లెక్కలోకి తీసుకున్నాక ఆ అంతరం తగ్గింది గాని పూర్తిగా పోలేదు. శాకాహారాన్ని ప్రచారం చేసేవారు ఈ అధ్యయనాన్ని తలచుకోవడానికి ఇష్టపడరు, తలచుకోవాలి. పాలు మానిన తెలుగువారికి రాగులూ నువ్వులూ అండ. నువ్వుల సున్నం ఎక్కువగా పొట్టులోనే ఉంటుంది కనుక, పొట్టు తీసి తెల్లగా రుబ్బిన తహీనీ కంటే ఇంట్లో దంచిన నల్లనువ్వుల పొడి మేలు. విటమిన్ డి మాత్రలలో డి3 మామూలుగా గొర్రెబొచ్చు మైనం నుంచి వస్తుంది, మెత్తని గొట్టాలు జంతువుల జెలటిన్‌వి. పట్టింపున్నవారు శిలావల్కం నుంచి తీసిన డి3ను అడిగి తీసుకోవచ్చు.

ఎముకలకు ఇంకో శత్రువు ఉంది. అది ఏ విటమిన్ పట్టికలోనూ ఉండదు. మొక్కల ఆహారం పీచుతో, నీటితో నిండినది. కడుపు త్వరగా నిండుతుంది, శక్తి త్వరగా నిండదు. డెబ్బై కిలోల మనిషి పదిహేను కిలోమీటర్లు పరుగెత్తితే దాదాపు వెయ్యి కేలరీలు, అంటే పైన చెప్పిన రోజంతటి బియ్యం ఇచ్చే శక్తి, ఒక్క ఉదయంలో ఖర్చయిపోతుంది. ఆ వెయ్యిని దోసకాయ ముక్కలతో పూడ్చలేం. ఖర్చుకు తగ్గ తిండి అందకపోతే శరీరం పొదుపు మొదలుపెడుతుంది. స్త్రీలలో ఋతుచక్రం ఆగుతుంది, పురుషులలో టెస్టోస్టెరోన్ తగ్గుతుంది, కాలి ఎముకల్లో సన్నని పగుళ్ళు వస్తాయి. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితికి ప్రత్యేకంగా ఒక పేరు పెట్టింది. పదిహేనేళ్ళ అమ్మాయి ఈత పోటీలకో పరుగు పోటీలకో సిద్ధమవుతూ హఠాత్తుగా ‘నేనిక పాలు, పెరుగు తినను’ అన్నప్పుడు, అది జీవకారుణ్యమో, తిండి తగ్గించుకోవడానికి దొరికిన మర్యాదైన సాకో తల్లిదండ్రులు మెల్లగా తెలుసుకోవాలి. మూడు నెలలు బహిష్టు ఆగితే, అది కఠిన సాధనకు గుర్తని మురిసిపోక వైద్యుణ్ణి కలవాలి.

ఎడారి ఎండ ఈ లెక్కలకు ఉప్పును చేర్చుతుంది. లీటరు చెమటలో సుమారు ఒక గ్రాము సోడియం పోతుంది, మనిషిని బట్టి సగమో రెట్టింపో. డబ్బా తిండి మాని కాయగూరలు, గింజలే తినేవారి ఆహారంలో ఉప్పు సహజంగానే తక్కువ. రక్తపోటుకు అది మంచిది. జూలై నెల పరుగుకు కాదు. వట్టి నీళ్ళు మాత్రమే అదేపనిగా తాగుతూ మూడు గంటలు పరుగెత్తేవారికి రక్తంలో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. ఇక్కడ ఆవకాయకు వైద్యుల మెప్పు అరుదుగా దక్కుతుంది. పాలు మాననివారికి ప్రతి కిరాణాకొట్టులోనూ దొరికే లబన్‌లో ఉప్పు కలిపితే అది మన మజ్జిగే. ఖర్జూరాలు నూరు గ్రాములకు అరవై గ్రాములకు పైగా చక్కెరలను ఇస్తాయి. రేకు పొట్లాల్లో అమ్మే తీపి జిగురుల కంటే అల్ ఐన్ తోటల ఖర్జూరం నోటికీ జేబుకూ హితం. పోటీకి ముందురోజు మాత్రం పప్పులూ పీచుపదార్థాలూ తగ్గించి తెల్లన్నానికి తిరిగి రావాలి. మిగతా ఏడాదంతా వైద్యులు తిట్టే తెల్లన్నం ఆ ఒక్క రోజున సరైన ఆహారం.

ఎమిరేట్స్‌లో ఎండలో దేహాన్ని కష్టపెట్టేవారందరూ పరుగుపందేల కోసం ఆ పని చేయరు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వెళ్ళి భవన నిర్మాణంలో పనిచేసేవారి రోజువారీ శక్తి ఖర్చు మారథాన్ సాధకుడి ఖర్చుకు తీసిపోదు. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఆరుబయట పని నిషిద్ధం. మిగిలిన వేళల్లో పని ఆగదు. వీరు పుట్టుకతో మాంసాహారులే. కాని ఒక గదిలో ఉన్నవారు కలిసి వండుకునే వంట పనిరోజుల్లో అన్నం, పప్పు, పచ్చడి. కోడికూర సెలవు రోజున. డబ్బు ఆదా కోసం ఆరు రోజులు మొక్కల ఆహారం మీద బతికే ఈ శ్రామికుడికి పైన చెప్పిన లెక్కలన్నీ వర్తిస్తాయి, ఉప్పు లెక్క మరీ ఎక్కువగా. వీసా కోసం చేసే వైద్యపరీక్షలో ఛాతీ ఎక్స్‌రే ఉంటుంది, హెచ్ఐవీ పరీక్ష ఉంటుంది. ఫెర్రిటిన్, బి12 ఉండవు.